రెనిన్ అంకెను ఒంటరిగా చదవకండి: కిడ్నీ వల్ల వచ్చే బీపీలో హార్మోన్ పరీక్షలు

మూడు రకాల మందులు వాడుతున్నా బీపీ దిగిరాని మనిషికి రెనిన్ పరీక్ష చేయిస్తారు. బీపీని పెంచే వరుసను మొదలుపెట్టే, కిడ్నీ వదిలే పదార్థం రెనిన్. రిపోర్టులో 14 అని వస్తుంది. మామూలుగా ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు. దాంతో ‘కిడ్నీకి రక్తం తెచ్చే ధమని సన్నబడింది’ అని అక్కడికక్కడే తేల్చేస్తారు. ఆ మూడు మందుల్లో టెల్మిసార్టాన్, క్లోర్‌థాలిడోన్ ఉన్నాయనుకోండి, 14 రావడంలో వింతేమీ లేదు. రెండూ రెనిన్‌ను పెంచే మందులే. అదే మనిషికి, అవే మందుల మీద 0.3 వచ్చి ఉంటే అప్పుడు ఆగి ఆలోచించాలి. పెరగాల్సిన రెనిన్ పెరగలేదంటే దాన్ని ఏదో బలంగా అణచిపెడుతోందన్నమాట.

ఈ పరీక్షల్లో జరిగే పొరపాట్లలో చాలా భాగం ఇలాంటివే. యంత్రం సరిగ్గానే కొలుస్తుంది. రక్తం తీసిన రోజున ఆ మనిషి ఏ మందుల మీద ఉన్నాడు, ఎంత ఉప్పు తిన్నాడు, కూర్చున్నాడా పడుకున్నాడా, ట్యూబును ఐస్‌లో పెట్టారా అన్నవి మాత్రం రిపోర్టులో కనిపించవు.

రెనిన్ ఎందుకు పెరుగుతుంది, ఎందుకు పెరగదు

రెనిన్ అనే ఎంజైమును 1898లో టైగర్‌స్టెట్, బెర్గ్‌మన్ కుందేలు కిడ్నీ సారంలో గుర్తించారు. కిడ్నీ వడపోత గుత్తిలోకి రక్తం తెచ్చే సన్నటి ధమని గోడలో ఉండే కణాలు దీన్ని తయారుచేస్తాయి. ఆ ధమనిలో ఒత్తిడి తగ్గినా, కిడ్నీ గొట్టం చివరికి చేరే ఉప్పు తగ్గినా, సింపథటిక్ నరాలు బీటా-1 గ్రాహకాల ద్వారా పురమాయించినా రెనిన్ విడుదలవుతుంది. అది కాలేయం నుంచి వచ్చే యాంజియోటెన్సినోజెన్‌ను కత్తిరించి యాంజియోటెన్సిన్-1గా మారుస్తుంది. ఏస్ అనే మరో ఎంజైము దాన్ని యాంజియోటెన్సిన్-2 చేస్తుంది. ఈ రెండోది రక్తనాళాలను బిగిస్తుంది, ఒంట్లో ఉప్పును నిలిపి పొటాషియాన్ని బయటికి పంపే ఆల్డోస్టెరాన్ అనే హార్మోన్‌ను అడ్రినల్ గ్రంథి చేత విడుదల చేయిస్తుంది, తిరిగి వెళ్లి రెనిన్ విడుదలకు కళ్లెం వేస్తుంది. ఏస్‌ను అడ్డుకునే ఏస్ నిరోధకాలు, యాంజియోటెన్సిన్-2 పనిని అడ్డుకునే సార్టాన్లు (టెల్మిసార్టాన్ లాంటివి) వాడినప్పుడు ఆ కళ్లెం తెగుతుంది కాబట్టే రెనిన్ పైకి లేస్తుంది.

1934లో గోల్డ్‌బ్లాట్ కుక్కల కిడ్నీ ధమనులకు బిగింపులు వేసి బీపీ పెరుగుతుందని చూపించాడు. ఒక కిడ్నీ ధమనిని మాత్రమే బిగించి, రెండో కిడ్నీని మామూలుగా వదిలేసినప్పుడు ఏమవుతుందో చూడండి. బిగించిన వైపు రెనిన్ పెరుగుతుంది. పెరిగిన బీపీని చూసి రెండో కిడ్నీ తన రెనిన్‌ను ఆపేసి, ఉప్పునూ నీళ్లనూ బయటికి తోసేస్తుంది. ఉప్పు పోతూనే ఉంటుంది కాబట్టి బిగించిన వైపు ఒత్తిడి కుదుటపడదు, రెనిన్ ఎక్కువగానే నిలుస్తుంది.

రెండు ధమనులూ సన్నబడినప్పుడు, లేదా ఉన్న ఒక్క కిడ్నీ ధమనే సన్నబడినప్పుడు కథ వేరు. ఉప్పును తోసేయడానికి ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ లేదు. ఒంట్లో నీరు చేరుతుంది, రక్త పరిమాణం పెరుగుతుంది, సన్నబడిన చోటు దాటాక కూడా ఒత్తిడి కొంత కోలుకుంటుంది, రెనిన్ మామూలు స్థాయికి దిగిపోతుంది. బీపీ మాత్రం అలాగే ఉంటుంది. అందుకే రెనిన్ మామూలుగా ఉందన్న కారణంతో కిడ్నీ ధమని జబ్బు లేదని చెప్పకూడదు. ఉన్నట్టుండి ఊపిరితిత్తుల్లో నీరు చేరిన మనిషికి, ఏస్ నిరోధకం మొదలుపెట్టగానే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తగ్గితే రక్తంలో పెరిగే వ్యర్థం) 30 శాతానికి మించి పెరిగిన మనిషికి రెనిన్ ఎంత వచ్చినా ధమనుల స్కాన్ తప్పకుండా చేయించాలి.

రక్తం తీసే ముందు

రెనిన్, ఆల్డోస్టెరాన్ రెండూ ఒకే సూదితో, ఒకేసారి తీసిన రక్తంలో చూడాలి. ఒకటి ఈరోజు, ఇంకొకటి వచ్చే వారం అంటే ఆ రెండింటి నిష్పత్తికి అర్థం లేదు.

ఉదయం లేచి కనీసం 2 గంటలు అటూ ఇటూ తిరిగాక, 5 నుంచి 15 నిమిషాలు కూర్చోబెట్టి రక్తం తీయాలి. పడుకున్న మనిషి లేచి నిలబడితే రెనిన్ పెరుగుతుంది కాబట్టి మంచం మీదే తీసిన శాంపిల్‌ను కూర్చుని తీసిన పరిధులతో పోల్చకూడదు.

పొటాషియం ముందుగా చూసుకోవాలి. అది తక్కువగా ఉంటే ఆల్డోస్టెరాన్ అణిగిపోతుంది, అడ్రినల్ గ్రంథి ఆల్డోస్టెరాన్‌ను అతిగా వదిలే జబ్బు ఉన్నా దాక్కుంటుంది. మాత్రలతో లీటరుకు 4 మిల్లీమోల్స్ దగ్గరికి తెచ్చాకే పరీక్ష చేయాలి. ఇక్కడ చిన్న మెలిక ఉంది. పట్టీ బిగించి, పిడికిలి మూసి తెరవమంటే కండరాల నుంచి పొటాషియం కారి అంకె ఎక్కువగా కనిపిస్తుంది, నిజమైన లోటు మరుగున పడుతుంది. పిడికిలి ఆడించమనకండి. పట్టీ వదులు చేశాక కనీసం 5 సెకన్లు ఆగి రక్తం లాగండి.

ఉప్పు తగ్గించవద్దని ముందే చెప్పాలి. బీపీ ఉన్నవాళ్లు పరీక్ష అనగానే భయంతో ఉప్పు మానేస్తారు, దాంతో రెనిన్ దానంతటదే ఎగబాకుతుంది. ఎంత తిన్నారో నోటిమాటగా అడిగితే నమ్మకమైన జవాబు రాదు. 24 గంటల మూత్రంలో సోడియం కొలిస్తే తెలుస్తుంది. ఒక గ్రాము ఉప్పులో సుమారు 17 మిల్లీమోల్స్ సోడియం ఉంటుంది, కాబట్టి మూత్రంలో 100 మిల్లీమోల్స్ అంటే దాదాపు 6 గ్రాముల ఉప్పు. 50 కంటే తక్కువ వస్తే రెనిన్ ఎక్కువగా ఉండటానికి ఆ కారణం ఒక్కటే చాలు. అదే మూత్రంలో క్రియాటినిన్ కూడా కొలవండి. పురుషుల్లో కేజీ బరువుకు సుమారు 20 మి.గ్రా., స్త్రీలలో సుమారు 15 మి.గ్రా. రావాలి. దానికి బాగా తక్కువ వచ్చిందంటే రోజంతా పట్టాల్సిన మూత్రంలో కొంత జారిపోయినట్టే.

మందుల విషయం ఇంతకంటే చిక్కు. బీటా బ్లాకర్లు, క్లోనిడిన్, మిథైల్‌డోపా, నొప్పి మాత్రలు రెనిన్‌ను తగ్గిస్తాయి. ఏస్ నిరోధకాలు, సార్టాన్లు, నీరు పోగొట్టే మందులు, స్పైరనోలాక్టోన్ పెంచుతాయి. ఆమ్లోడిపిన్ కోవకు చెందినవి కొద్దిగా పెంచుతాయి. పూర్తి స్పష్టత కావాలంటే స్పైరనోలాక్టోన్, ఇతర నీరు పోగొట్టే మందులు కనీసం 4 వారాలు, మిగతావి 2 వారాలు ఆపాలి. స్పైరనోలాక్టోన్ ప్రభావం ఒక్కోసారి 6 వారాల దాకా ఉంటుంది. ఈలోగా బీపీని కాచుకోవడానికి నిదానంగా విడుదలయ్యే వెరాపమిల్, డాక్సాజోసిన్, ప్రాజోసిన్, హైడ్రలజీన్ పనికొస్తాయి. ఇవి రెండు హార్మోన్లనూ పెద్దగా కదిలించవు. బీటా బ్లాకర్ ఇంకా ఒంట్లో ఉండగానే వెరాపమిల్ మొదలుపెడితే గుండె వేగం ప్రమాదకరంగా పడిపోవచ్చు. క్లోనిడిన్‌ను ఒక్కసారిగా ఆపితే బీపీ విపరీతంగా ఎగదన్నుతుంది. ఈ మార్పులన్నీ డాక్టరు దగ్గరుండి చేయించాల్సినవి. పరీక్ష కోసమని రోగి సొంతంగా మాత్రలు మానేయడం చాలా ప్రమాదం.

బీపీ బాగా ఎక్కువగా ఉన్నవాళ్లకు, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు మందులు ఆపే ప్రశ్నే లేదు. వాడుతున్న మందుల మీదే తీయించి, ఆ మందుల జాబితాను దగ్గర పెట్టుకుని చదవాలి. ముందుగా అలా ఒకసారి చూసి, అనుమానం మిగిలితేనే మందులు మార్చి మళ్లీ చూడటం మంచి పద్ధతి. అందరికీ మొదటే నాలుగు వారాల నిబంధన పెడితే చాలామందికి పరీక్ష జరగనే జరగదు.

ఐస్‌లో పెట్టకండి

రక్తంలో చురుకైన రెనిన్ కంటే, చురుకుదనం లేని దాని పూర్వరూపం ప్రోరెనిన్ ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. ట్యూబు చల్లబడి 0 నుంచి 4 డిగ్రీల దగ్గర ద్రవరూపంలో ఉండిపోతే ఆ ప్రోరెనిన్ విచ్చుకుని రెనిన్‌లా పనిచేయడం మొదలుపెడుతుంది. దాంతో రెనిన్ దొంగగా పెరుగుతుంది. నిజంగా రెనిన్ తక్కువ ఉన్నవాళ్లలోనే ఈ తప్పు ఎక్కువ దెబ్బ తీస్తుంది, ఎందుకంటే 0.3 ఉన్నచోట చిన్న చేర్పు కూడా అంకెను మూడు నాలుగింతలు చేస్తుంది. ఆల్డోస్టెరాన్ జబ్బు ఉన్న మనిషికి లేదని రిపోర్టు వెళ్లిపోతుంది. హార్మోన్ శాంపిల్ అంటే ఐస్‌లో పంపాలన్న పాత అలవాటు ఇంకా చాలా చోట్ల ఉంది. రెనిన్‌కు అది హాని చేస్తుంది.

రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ట్యూబులో తీసి, గది ఉష్ణోగ్రతలోనే ఉంచి, 30 నిమిషాల్లోపు సెంట్రిఫ్యూజ్ చేసి ప్లాస్మా వేరుచేయాలి. వెంటనే కొలవలేకపోతే ప్లాస్మాను చలితో త్వరగా మంచులా గట్టిపరచి మైనస్ 20 డిగ్రీలు లేదా అంతకంటే కింద ఉంచాలి. కరిగించేటప్పుడు కూడా త్వరగా, గది ఉష్ణోగ్రతలో కరిగించాలి. ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లోకి దించి నెమ్మదిగా కరగనిస్తే పైన చెప్పిన నష్టమే జరుగుతుంది.

ల్యాబులు రెనిన్‌ను రెండు రకాలుగా కొలుస్తాయి. ఒకటి ప్లాస్మా రెనిన్ యాక్టివిటీ: ప్లాస్మాను 37 డిగ్రీల దగ్గర ఉంచి గంటకు ఎంత యాంజియోటెన్సిన్-1 తయారైందో చూస్తారు, మిల్లీలీటరుకు గంటకు ఇన్ని నానోగ్రాములని రాస్తారు. రెండోది యాంటీబాడీలతో రెనిన్‌నే నేరుగా కొలవడం, లీటరుకు ఇన్ని మిల్లీయూనిట్లని రాస్తారు. మొదటి పద్ధతిలో 1 అంటే రెండో పద్ధతిలో సుమారు 8 నుంచి 12, కిట్‌ను బట్టి మారుతుంది. రెండు ల్యాబుల రిపోర్టులను పక్కపక్కన పెట్టి ‘రెనిన్ పది రెట్లు పెరిగింది’ అని కంగారు పడేముందు యూనిట్లు చూడండి. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలలో నేరుగా కొలిచే రెనిన్ తక్కువగా చూపిస్తుంది, నిష్పత్తి అనవసరంగా పెరుగుతుంది. వాళ్లకు యాక్టివిటీ పద్ధతే నయం.

రెండు అంకెలనూ కలిపి చదవడం

రెనిన్ తక్కువ, ఆల్డోస్టెరాన్ ఎక్కువ అయితే దోషం అడ్రినల్ గ్రంథిది. 1955లో జెరోమ్ కాన్ వర్ణించిన జబ్బు ఇది. ఆల్డోస్టెరాన్‌ను డెసిలీటరుకు నానోగ్రాముల్లో తీసుకుని, రెనిన్ యాక్టివిటీతో భాగిస్తే 20 నుంచి 30 దాటడం, ఆల్డోస్టెరాన్ కనీసం 10 ఉండటం, రెనిన్ 1 లోపు ఉండటం కలిసి రావాలి. ఆల్డోస్టెరాన్ 18, రెనిన్ 0.3 అయితే నిష్పత్తి 60, గట్టి అనుమానం. ఆల్డోస్టెరాన్ 4, రెనిన్ 0.1 అయినా నిష్పత్తి 40 వస్తుంది, కానీ దాంట్లో పస లేదు. కింద ఉన్న అంకె మరీ చిన్నది కావడం వల్ల వచ్చిన లెక్క అది. నిష్పత్తి ఒక్కటే చూసి మనిషిని తదుపరి పరీక్షలకు పంపకూడదు. మాస్ స్పెక్ట్రోమెట్రీతో కొలిచిన ఆల్డోస్టెరాన్ యాంటీబాడీ పద్ధతి కంటే తక్కువగా వస్తుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

రెండూ ఎక్కువగా ఉంటే కిడ్నీ ధమని సన్నబడటం, రెనిన్ స్రవించే కణితి, ప్రాణాంతక స్థాయి బీపీ, బృహద్ధమని ఒకచోట ఇరుకుగా ఉండటం ఆలోచించాలి. అన్నిటికంటే ముందు నీరు పోగొట్టే మందు వాడుతున్నారేమో చూడాలి. రెండూ తక్కువగా ఉంటే లిడిల్ సిండ్రోమ్ (కిడ్నీ ఉప్పును అతిగా పట్టి ఉంచే వంశపారంపర్య జబ్బు), అతిమధురం ఎక్కువగా తినడం, ఆల్డోస్టెరాన్ పని చేసిపెట్టే వేరే స్టెరాయిడ్లు కారణాలు కావచ్చు.

కిడ్నీ పనితీరే తగ్గిపోయిన వాళ్లలో ఈ గీతలన్నీ చెదిరిపోతాయి. ఉప్పు, నీరు నిలిచిపోవడం వల్ల రెనిన్ అణుగుతుంది, పొటాషియం పెరగడం వల్ల ఆల్డోస్టెరాన్ లేస్తుంది, అడ్రినల్ జబ్బు లేకపోయినా నిష్పత్తి ఎక్కువగా వస్తుంది. ఇలాంటి వారిలో నిష్పత్తి ఎక్కువ అని కనిపిస్తే పొటాషియం ఎంత ఉందో చూడండి. ఎక్కువగా ఉంటే అడ్రినల్ మీద అనుమానం పలచబడుతుంది. తక్కువగా ఉంటే గట్టిపడుతుంది.

క్యాప్టోప్రిల్ పరీక్ష

ధమని సన్నబడిన కిడ్నీ యాంజియోటెన్సిన్-2 మీద ఆధారపడి బతుకుతుంది. ఏస్ నిరోధకంతో దాన్ని తప్పిస్తే ఆ కిడ్నీ రెనిన్‌ను విపరీతంగా వదులుతుంది. ఇదే సూత్రం. మనిషిని 30 నిమిషాలు కూర్చోబెట్టి మొదటి శాంపిల్ తీసి, క్యాప్టోప్రిల్ 50 మి.గ్రా. నోటి ద్వారా ఇచ్చి, 60 నిమిషాలకు రెండోది తీస్తారు. మధ్యలో బీపీ చూస్తూ ఉండాలి, పడిపోతే పడుకోబెట్టి సెలైన్ ఎక్కించడానికి సిద్ధంగా ఉండాలి. 1986లో ప్రచురితమైన ప్రమాణాల ప్రకారం మూడూ నెరవేరాలి: (యాక్టివిటీ పద్ధతిలో) రెండో రెనిన్ 12 లేదా ఎక్కువ, పెరుగుదల కనీసం 10, శాతంలో కనీసం 150. మొదటి అంకె 3 లోపు ఉంటే 400 శాతం పెరగాలి.

ఉదాహరణకు 4 నుంచి 16కి వెళ్తే పెరుగుదల 12, శాతం 300, పరీక్ష పాజిటివ్. 2 నుంచి 9కి వెళ్తే శాతం 350 వచ్చినా పాజిటివ్ కాదు.

కిడ్నీ పనితీరు తగ్గినవారిలో, రెండు వైపులా జబ్బు ఉన్నవారిలో ఇది నమ్మదగ్గది కాదు. జబ్బు ఉందో లేదో వడపోయడానికి క్యాప్టోప్రిల్ పరీక్షను, రెనిన్ యాక్టివిటీని, కిడ్నీ సిరల రెనిన్‌ను వాడవద్దని అమెరికా హృద్రోగ సంఘాలు 2005 మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పాయి. ఆ సలహాతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ధమని సన్నబడిందా లేదా చూడటానికి డాప్లర్, సీటీ యాంజియోగ్రామ్, ఎమ్మార్ యాంజియోగ్రామ్ ఉన్నాయి. ఆ సన్నబడిన చోటే బీపీకి కారణమా అన్న ప్రశ్న మిగిలినప్పుడు హార్మోన్లు ఉపయోగపడతాయి.

కిడ్నీ సిరల నుంచి రెనిన్

ఆ ప్రశ్నకు దగ్గరగా వెళ్లే పరీక్ష ఇది. తొడ సిర గుండా గొట్టం పంపి కుడి, ఎడమ కిడ్నీ సిరల నుంచి, అవి కలిసే చోటుకు కింద పెద్ద సిర నుంచి మూడు శాంపిళ్లు తీస్తారు. కింది పెద్ద సిర అంకెను ధమని రక్తానికి బదులుగా తీసుకుంటారు. ముందు క్యాప్టోప్రిల్ ఇచ్చి తీస్తే తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

మామూలు మనిషిలో ఒక్కో కిడ్నీ తనలోకి వచ్చిన రక్తానికి సుమారు 24 శాతం రెనిన్ చేర్చి పంపుతుంది. రెండూ కలిపి దాదాపు 48 శాతం. ఒక కిడ్నీయే మొత్తం భారం మోస్తుంటే ఆ 48 అంతా, లేదా ఇంకా ఎక్కువ, ఒకవైపే కనిపించాలి, రెండోవైపు సున్నా కావాలి. చాలా రిపోర్టుల్లో మాత్రం ‘ఎక్కువ వైపును తక్కువ వైపుతో భాగిస్తే 1.5 దాటింది’ అన్న ఒక్క వాక్యమే ఉంటుంది. అది సరిపోదు.

కుడి 18, ఎడమ 8, కింది పెద్ద సిర 8 అనుకోండి. నిష్పత్తి 2.25. ఎడమ కిడ్నీ చేర్చింది 8 నుంచి 8 తీసేస్తే సున్నా, అంటే పూర్తిగా అణిగి ఉంది. కుడి కిడ్నీ చేర్చింది 10, అంటే 125 శాతం. ఇది గట్టి ఫలితం. ఇప్పుడు కుడి 9, ఎడమ 6, పెద్ద సిర 4.5 అనుకోండి. నిష్పత్తి సరిగ్గా 1.5 వచ్చింది. కానీ ఎడమ కిడ్నీ కూడా 33 శాతం చేరుస్తోంది, అణగలేదు. కుడి ధమనిని బాగుచేస్తే బీపీ తగ్గుతుందని దీన్ని చూపి హామీ ఇవ్వలేం. రెండు వైపులా కలిపినా 48 శాతానికి బాగా తక్కువ వస్తే శాంపిల్ తీసిన చోటు మీదే అనుమానపడాలి.

చోటు తప్పడం తేలిక. కుడి కిడ్నీ సిర పొట్టిది, గొట్టం మొన జారి పెద్ద సిరలోకి వచ్చేస్తుంది. ఎడమ సిరలో అడ్రినల్ సిర, బీజకోశ సిర కలుస్తాయి కాబట్టి మొన వాటిని దాటి లోపలికి వెళ్లాలి, లేకపోతే రక్తం పలచబడి రెనిన్ తక్కువగా కనిపిస్తుంది. కొందరికి ఒకవైపే రెండు మూడు సిరలు ఉంటాయి. ధమని శాఖ ఒక్కటే సన్నబడితే ఆ భాగం నుంచి వచ్చే చిన్న సిరలోనే తేడా ఉంటుంది. శాంపిళ్ల మధ్య వ్యవధి ఎక్కువైతే రెనిన్ ఈలోగా మారిపోతుంది, కాబట్టి వెంటవెంటనే తీయాలి, రంగుమందు ఎక్కువగా ఎక్కించకముందే తీయాలి. ట్యూబుల మీద పేరుతోపాటు తీసిన చోటు, సమయం అక్కడికక్కడే రాయాలి. కుడి, ఎడమ తారుమారైతే ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ మీద కత్తి పడుతుంది.

ఫలితం ఒకవైపు స్పష్టంగా మొగ్గితే చికిత్సకు బీపీ తగ్గే అవకాశం బాగా ఎక్కువ. మొగ్గకపోయినా చికిత్సతో మెరుగుపడేవాళ్లు గణనీయంగానే ఉన్నారు కాబట్టి నెగటివ్ రిపోర్టుతో తలుపు మూసేయకూడదు. కుంచించుకుపోయి పని మానేసిన చిన్న కిడ్నీని తీసేయాలా అని తేల్చుకోవడానికి, పిల్లల్లో ధమని శాఖల జబ్బుకు ఈ పరీక్ష ఇప్పటికీ విలువైనదే.

కొవ్వు పేరుకుని ధమని సన్నబడిన పెద్దవయసు వాళ్లలో మాత్రం స్టెంట్ మీద ఆశలు తగ్గించుకోవాలి. 2009లో 806 మందితో వెలువడిన ఆస్ట్రల్, 2014లో 947 మందితో వెలువడిన కోరల్ అధ్యయనాల్లో మందులకు స్టెంట్ జోడించడం వల్ల అదనపు మేలు కనిపించలేదు. ధమని మధ్యభాగంలో పూసల దండలా కనిపించే ఫైబ్రోమస్క్యులర్ డిస్‌ప్లేసియా వేరు. ఎక్కువగా స్త్రీలలో వచ్చే ఈ జబ్బులో బెలూన్‌తో తెరిస్తే, ముఖ్యంగా బీపీ మొదలై ఎక్కువకాలం కానివాళ్లలో, మంచి ఫలితం వస్తుంది.

చిన్న వయసులో తీవ్రమైన బీపీ, పొటాషియం తక్కువ, రెనిన్, ఆల్డోస్టెరాన్ రెండూ బాగా ఎక్కువ, ధమనులు చూస్తే శుభ్రంగా ఉన్నాయి: ఇలాంటప్పుడు రెనిన్ స్రవించే కణితిని వెతకాలి. అరుదైనదే, కానీ కనిపెడితే నయమయ్యే బీపీ ఇది. కణితి తరచుగా కొద్ది సెంటీమీటర్లే ఉంటుంది, మామూలు అల్ట్రాసౌండ్ దాన్ని దాటేయవచ్చు. కిడ్నీల మీద దృష్టి పెట్టి, రంగుమందుతో పలచటి ముక్కలుగా సీటీ తీయించాలి. కిడ్నీ పైపొర దగ్గర ఉన్న కణితి రక్తం ముఖ్య సిరలోకి రాకుండా వేరే దారిన పోవచ్చు, కాబట్టి సిరల రెనిన్‌లో తేడా రాలేదని వెతకడం ఆపకండి. సాధారణంగా కణితి మేరకే కోసి తీసి, మిగతా కిడ్నీని కాపాడవచ్చు.